కృత్రిమ గడ్డా, అసలు గడ్డా? ఇంటికి, డాబాకి, ఆటస్థలానికి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి ముందు కాస్త పచ్చగా ఉంటే బాగుండు అనుకునేవాళ్లు, డాబా మీద టర్ఫ్ (ప్లాస్టిక్‌తో చేసిన కృత్రిమ గడ్డి) పరుద్దామనుకునేవాళ్లు, స్కూల్ గ్రౌండ్ బాగుచేయాలనుకునేవాళ్లు, ఊరి చివర స్థలంలో బాక్స్ క్రికెట్ పెడదామనుకునేవాళ్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. లెక్కలు మన ఎండలకి, మన నీళ్ల పరిస్థితికి తగ్గట్టు వేసినవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. రోజూ సాయంత్రం నుంచి రాత్రి దాకా ఆటలు సాగే చోటికి కృత్రిమ టర్ఫ్ సరైన పనే. కింద మట్టి ఉండి, పసిపిల్లలు పగలంతా తిరిగే పెరటికి మాత్రం వేయించొద్దు.

## నిర్ణయం తీసుకునే ముందు

రెండింటిలో ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పండి

ముందు నాలుగు సంగతులు చూసుకోండి. కింద మట్టి ఉందా, స్లాబ్ ఉందా? రోజుకి ఎన్ని గంటలు ఎండ పడుతుంది? మే నెలలో మీ బోరు పోస్తుందా? ఆ గడ్డిని ఎవరు, ఏ టైంలో తొక్కుతారు? మట్టి, ఆరు గంటల ఎండ, వేసవిలోనూ నీళ్లు ఉంటే అసలు గడ్డి వేసుకోండి. స్లాబ్ మీద, నీడలో, సాయంత్రం వాడకానికైతే కృత్రిమ గడ్డి. చాలామంది ఫొటో చూసి నిర్ణయం తీసుకుంటారు. ఫొటోలో వేడి తెలియదు.

కృత్రిమ గడ్డి ఎండకి నిజంగా అంత కాలుతుందా?

కాలుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని అందరికీ చెప్తాను. అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో తమ ఫుట్‌బాల్ మైదానంలో కొలిచారు. గాలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర ఉన్న రోజున టర్ఫ్ ఉపరితలం 93 డిగ్రీల దాకా వెళ్లింది. మనకి రామగుండంలో, రెంటచింతలలో గాలే 45 దాటే రోజులుంటాయి.

కారణం సులువే. బతికున్న గడ్డి వేళ్లతో నీళ్లు తాగి ఆకుల గుండా ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరితో పాటు వేడి కూడా పోతుంది. ప్లాస్టిక్ పోగులకి ఆ పని చేతకాదు, పడ్డ ఎండనంతా పట్టి ఉంచుతాయి. పోగుల మధ్యలో నల్ల రబ్బరు గుళ్లు, అంటే చిన్న గుళికలు, పోసి ఉంటే వేడి ఇంకా పెరుగుతుంది.

నీళ్లు చల్లితే చల్లబడుతుంది, కానీ ఎక్కువసేపు నిలవదు. అదే మైదానంలో నీళ్లు కొట్టాక ఉష్ణోగ్రత బాగా దిగి, ఇరవై నిమిషాల్లోనే మళ్లీ 70 డిగ్రీలు దాటింది.

కొనే ముందు ఒక పని చేయండి. షాపులో ఇచ్చే అరచేయంత శాంపిల్ ముక్కని ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం రెండింటికి డాబా మీద ఒక గంట ఉంచండి. తర్వాత దాని మీద అరచెయ్యి ఆనించి ఐదు అంకెలు లెక్కపెట్టండి. పూర్తిగా లెక్కపెట్టలేకపోతే ఆ టైంలో మీ పిల్లలు దాని మీద చెప్పుల్లేకుండా నడవలేరు.

డాబా మీద టర్ఫ్ పరిస్తే కింద గదులు చల్లబడతాయా?

ఆ ఆశతో కొనకండి. స్లాబ్ మీద నేరుగా ఎండ పడకపోవడం నిజమే, కానీ పైన టర్ఫ్ తానే వేడెక్కి, చీకటిపడ్డాక కూడా కొంతసేపు ఆ వేడిని వదులుతుంది. గదులు చల్లబడటమే మీ అవసరమైతే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ తక్కువ ఖర్చుతో అయిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ ఉద్దేశంతోనే. కుండీలు, తీగ పందిరి పెట్టినా గదుల్లో తేడా తెలుస్తుంది.

అసలు గడ్డి ఎన్ని నీళ్లు తాగుతుంది? మాకు బోరు అంతంతమాత్రం

లెక్క వేసి చూద్దాం. ఏప్రిల్, మే నెలల్లో గడ్డికి రోజుకి సుమారు 5 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. చదరపు మీటరులో ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. 500 చదరపు అడుగుల పచ్చిక అంటే దాదాపు 46 చదరపు మీటర్లు, అంటే రోజుకి 230 లీటర్లు. నెలకి దాదాపు 7 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్ ఒకటి, దాని మీద ఇంకో అర ట్యాంకర్.

బోరు ఎండిపోయి తాగడానికే ట్యాంకర్ తెప్పించుకునే కాలనీలో గడ్డికి ఇన్ని నీళ్లు పోయమని నేను చెప్పను. అయితే గేటెడ్ కమ్యూనిటీల్లో మురుగునీటి శుద్ధి ప్లాంట్ నుంచి వచ్చే శుద్ధి అయిన నీటిని చాలాచోట్ల డ్రైనేజీలోకి వదిలేస్తున్నారు. అది లాన్‌కి బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలే నీళ్లలో ఉప్పులు ఎక్కువ, కాబట్టి అవే రోజూ పోయకుండా మంచినీళ్లతో మార్చి మార్చి పోయండి. వానాకాలంలో, చలికాలంలో నీళ్ల అవసరం బాగా తగ్గిపోతుంది.

ఇంకో మాట. గరిక జాతి గడ్డి వేసవిలో నీళ్లు తగ్గిస్తే గోధుమరంగుకి తిరుగుతుంది కానీ చావదు. తొలకరి పడగానే మళ్లీ చిగురిస్తుంది. ఏడాదిలో రెండు నెలలు పచ్చగా లేకపోయినా ఫర్వాలేదు అనుకునేవాళ్లకి నీళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది.

కృత్రిమ గడ్డికి నీళ్లే అక్కర్లేదంటారు, నిజమేనా?

పెరగడానికి అక్కర్లేదు. దుమ్ము కడగడానికి, కుక్క ఉంటే వాసన పోవడానికి, ఎండలో వాడాలంటే చల్లబరచడానికి కావాలి. అసలు గడ్డితో పోలిస్తే చాలా తక్కువే. ఈ విషయంలో కృత్రిమ గడ్డిదే పైచేయి.

మా ఇంటి చుట్టూ బిల్డింగులే, ఎండ రాదు. గడ్డి బతుకుతుందా?

బెర్ముడా, అంటే గరిక జాతి గడ్డి, బతకదు. దానికి రోజుకి ఆరు గంటలైనా సూటి ఎండ కావాలి, లేకపోతే సన్నబడి, బారలు సాగి, మధ్యలో మట్టి బయటపడుతుంది. మూడు నాలుగు గంటల ఎండ వస్తే వెడల్పాటి ఆకుండే బఫెలో గడ్డిని నర్సరీలో అడగండి. అదీ రాకపోతే గడ్డి ఆలోచన మానేసి మోండో గ్రాస్, స్పైడర్ ప్లాంట్ లాంటి నీడ మొక్కలు పెట్టుకోండి, మధ్యలో నడవడానికి రాళ్లు వేసుకోండి. మామిడిచెట్టు కింద ఏటేటా గడ్డి పలకలు మార్చేవాళ్లని చూశాను. ఆ డబ్బుతో చెట్టు చుట్టూ ఒక మంచి అరుగు కట్టించుకోవచ్చు.

పదేళ్ల మీద చూస్తే ఖర్చు దేనికి తక్కువ?

ధరలు ఊరికో రకంగా ఉంటాయి కాబట్టి లెక్క వేసే పద్ధతి చెప్తాను, అంకెలు మీవి పెట్టుకోండి. 500 చదరపు అడుగులకి కృత్రిమ గడ్డి, కూలీతో కలిపి అడుగుకి 80 రూపాయలు అనుకుందాం. 40 వేలు అవుతుంది. ఎండలో ఆరేళ్లు వస్తే ఏడాదికి ఆరున్నర వేల పైచిలుకు. అసలు గడ్డి, ఎర్రమట్టి, ఎరువుతో కలిపి అడుగుకి 30 అనుకుంటే 15 వేలు, అది ఒకేసారి. తర్వాత తోటమాలికి నెలకి 1,500 ఇస్తే ఏడాదికి 18 వేలు.

అంటే గడ్డి కన్నా దాన్ని చూసుకునే మనిషి జీతమే ఈ లెక్కని తేలుస్తుంది. మీరే కత్తిరించుకుని, మీరే నీళ్లు పెట్టుకుంటే అసలు గడ్డి చాలా చౌక. మనిషిని పెట్టి చేయిస్తే, అదీ చిన్న స్థలానికైతే, కృత్రిమ గడ్డి చౌక. అమ్మేవాళ్లు తోటమాలి జీతాన్ని లెక్కలో వేస్తారు కానీ ఆరేళ్ల తర్వాత మళ్లీ కొనాల్సిన 40 వేలని చెప్పరు.

మా స్కూల్లో ఎనిమిది వందల మంది పిల్లలు. గ్రౌండ్‌కి ఏది వేయించాలి?

అంతమంది రోజూ తొక్కితే అసలు గడ్డి ఏదీ నిలబడదు. మంచిగా చూసుకునే సహజ మైదానం కూడా వారానికి 20, 25 గంటల ఆటకి మించి తట్టుకోలేదు. కృత్రిమ మైదానం దానికి రెట్టింపు కన్నా ఎక్కువే తట్టుకుంటుంది. ఆ లెక్కన టర్ఫ్ వైపే మొగ్గు కనిపిస్తుంది. కానీ స్కూల్ ఆటలు ఎప్పుడు? పదకొండింటికి, రెండింటికి, మూడింటికి. సరిగ్గా టర్ఫ్ కాలిపోయే వేళ.

నా సలహా ఇది: మైదానాన్ని ఎర్రమట్టితో చదును చేసి, వాన నీళ్లు పోయేలా వాలు ఇచ్చి, అంచుల చుట్టూ వేప, కానుగ నాటండి. ఒక మూల పావు వంతు స్థలంలో గడ్డి వేసి దాన్ని చిన్న క్లాసుల పిల్లలకి ఉంచండి. మట్టి మైదానం పేదరికం కాదు. మన దగ్గర కబడ్డీ, ఖోఖో, క్రికెట్ నేర్చుకున్న ఎంతోమంది మట్టి మీదే నేర్చుకున్నారు.

పెద్ద పెద్ద స్టేడియాల్లో ఏది వాడుతున్నారు?

ఆటని బట్టి. కృత్రిమ గడ్డికి పేరొచ్చింది 1966లో, అమెరికాలోని హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో. పైకప్పు ఉన్న ఆ స్టేడియంలో వెలుతురు చాలక గడ్డి చచ్చిపోతే ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

హాకీ పూర్తిగా టర్ఫ్ మీదకి మారిపోయింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ మైదానం మీద ఆడించారు. గడ్డి మీద దశాబ్దాల పాటు ఏలిన మన జట్టు అక్కడ ఏడో స్థానంలో నిలిచింది. బంతి వేగం మారింది, పరుగు మారింది, మన దగ్గరేమో అలాంటి మైదానాలే లేవు. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్నలాంటి హాకీ టర్ఫ్ లేకుండా పిల్లలకి పై స్థాయి ఆట నేర్పడం కుదరదు.

ఫుట్‌బాల్ మాత్రం వెనక్కి తిరుగుతోంది. కెనడాలో 2015 మహిళల ప్రపంచకప్‌ని కృత్రిమ మైదానాల మీద ఆడిస్తామంటే క్రీడాకారిణులు చట్టపరంగా ఫిర్యాదు చేశారు. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో 2011లో వేసిన కృత్రిమ టర్ఫ్‌ని తీసేసి, 2017 అండర్-17 ప్రపంచకప్‌కి ముందే సహజ గడ్డి పెంచారు. 2026 పురుషుల ప్రపంచకప్‌కి కూడా ఫిఫా సహజ గడ్డే కావాలంది. క్రికెట్‌లో మధ్యేమార్గం ఒకటి వచ్చింది: ధర్మశాలలో 2024లో పెట్టిన హైబ్రిడ్ పిచ్‌లో దాదాపు అంతా సహజ గడ్డే, ఐదు శాతం మాత్రం ప్లాస్టిక్ పోగులు.

## కొనేటప్పుడు

25, 35, 50 ఎంఎం అంటున్నారు. ఎంత ఎత్తు తీసుకోవాలి?

బాల్కనీకి 25 చాలు. డాబాకి, ఇంటి ముందుకి 30 నుంచి 40. ఫుట్‌బాల్‌కి 50 దగ్గర. హాకీకి పూర్తిగా వేరే రకం, పొట్టిగా, దట్టంగా, తడిపి ఆడేది. ఇంటికి 50 ఎంఎం వేయించుకుంటే మెత్తగా ఉంటుందనుకుంటారు. కానీ పొడవు పోగులు తొందరగా ఒరిగిపోతాయి, దుమ్ము కూడా ఎక్కువ పట్టుకుంటాయి.

రెండూ 35 ఎంఎం, చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. ధరలో అంత తేడా ఎందుకు?

పోగుల దట్టం, పోగు మందం, వెనక అంటించిన పొర. ఈ మూడింటిలో ఉంటుంది తేడా అంతా. ముక్కని చేతిలోకి తీసుకుని బయటికి, అంటే వెన్ను లోపలికి వచ్చేలా మడవండి. కుట్ల మధ్య నుంచి వెనక పొర బట్టతలలా కనిపిస్తుంటే పలుచటి రకం. తర్వాత ఒక కుచ్చుని గోళ్లతో పట్టి గట్టిగా లాగండి. ఊడి వస్తే వెనక లేటెక్స్ (రబ్బరు జిగురు) సరిగా పట్టలేదని అర్థం, అది ఏడాది తిరక్కుండా చీపురుకే రాలిపోతుంది. తిప్పి చూస్తే నీళ్లు దిగే రంధ్రాలు ఉండాలి. ఆకుపచ్చ పోగుల అడుగున గోధుమరంగు వంకీల పొర ఉండటం మంచిదే, పై పోగుల్ని నిలబెట్టేది అదే.

పాలిఎథిలీన్ పోగులు మెత్తగా ఉండి బాగా మన్నుతాయి. పాలీప్రొపిలీన్ చౌక, గరుకు. బిల్లు మీద ఏ పోగో, చదరపు మీటరుకి ఎంత బరువో రాయించుకోండి.

ఎనిమిదేళ్ల వారంటీ ఇస్తామంటున్నారు, నమ్మొచ్చా?

దేనికి వారంటీయో అడగండి. చాలా వారంటీలు సూర్యకాంతికి రంగు పోవడానికే, అదీ ఏటేటా తగ్గుతూ పోతుంది. పోగు రాలడం, జాయింట్ విడిపోవడం, నీళ్లు నిలవడం అందులో ఉండవు. కాగితం మీద లేని మాటకి విలువ లేదు. ఆట మైదానం అయితే ఫిఫా క్వాలిటీ గుర్తింపు అడగొచ్చు. ఆ గుర్తింపు ఒక్కో మైదానాన్ని పరీక్షించి ఇస్తారు, కొన్నేళ్లకోసారి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి కూడా. కంపెనీ బ్రోచర్ మీద ఆ ముద్ర ఉన్నంత మాత్రాన మీ మైదానానికి వచ్చినట్టు కాదు.

అసలు గడ్డిలో మన వాతావరణానికి ఏ రకం బాగుంటుంది?

ఎండ, తొక్కుడు, నీళ్ల ఎద్దడి మూడూ తట్టుకునేది బెర్ముడా. అంటే వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరిక జాతే. సెలెక్షన్ వన్ అనే పేరుతో నర్సరీల్లో దొరికేది దానిలో మెరుగైన రకం, క్రికెట్ మైదానాల్లో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది. మెక్సికన్, కొరియన్ అని అమ్మేవి తివాచీలా దట్టంగా, అందంగా ఉంటాయి, నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి కత్తిరింపు తక్కువ. కానీ పిల్లలు తొక్కి పాడుచేస్తే కోలుకోవడానికీ అంతే టైం పడుతుంది. చూడ్డానికైతే మెక్సికన్, ఆడుకోవడానికైతే బెర్ముడా.

గడ్డి పలకలు కొనేటప్పుడు ఏం చూడాలి?

ఒక పలకని ఎత్తి వెనక్కి తిప్పండి. తెల్లటి వేళ్లు మట్టిని పట్టి ఉంచాలి. పలక చేతిలోనే విరిగిపోతే వేరు పట్టలేదు. తుంగ మొలకలు ఉన్నాయా అని కళ్లు దగ్గరగా పెట్టి చూడండి, ఒక్కటి కనిపించినా ఆ లోడు వద్దనండి. కడియం, కడియపులంక నర్సరీల నుంచి దూరప్రాంతాలకి లారీల్లో వెళ్తాయి. లోడు దిగిన రోజే పరిచేయాలి. పేర్చి ఉంచితే లోపల వేడెక్కి పసుపుపచ్చగా మారతాయి.

టర్ఫ్‌లో పోసే నల్ల రబ్బరు గుళ్లు పిల్లలకి ప్రమాదమా?

అవి పాత టైర్లని నూరి చేసినవి. వాటిలో లోహాలు, రకరకాల రసాయనాలు ఉన్నాయన్నది నిజం. అమెరికా ప్రభుత్వ సంస్థలు చేసిన పెద్ద పరిశీలనలో ఆ రసాయనాలు ఉన్నట్టు తేలింది, ఆడేవాళ్ల ఒంట్లోకి చేరేది మాత్రం తక్కువేనని కనిపించింది. అందుకని భయపడిపోనక్కర్లేదు. కానీ ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో వాటిని పోయించే అవసరమే లేదు. ఇంటికి కడిగిన సిలికా ఇసుక చాలు, లేకపోతే ఏమీ పోయకపోయినా ఫర్వాలేదు.

గుళ్ల మీద నాకున్న పెద్ద అభ్యంతరం వేరే. అవి బూట్లకి అంటుకుని, వానకి కొట్టుకుపోయి కాలవల్లోకి, చెరువుల్లోకి చేరతాయి. ఈ కారణంగానే యూరోపియన్ యూనియన్ 2023లో నిబంధన తెచ్చి, 2031 నుంచి ఇలాంటి ప్లాస్టిక్, రబ్బరు గుళ్ల అమ్మకాన్ని ఆపేస్తోంది. మనం ఇప్పుడు కొత్తగా వేసుకునే మైదానాలకి ఇసుకో, కొబ్బరిపీచో, కార్కో ఎంచుకోవడం మంచిది.

## వేయించేటప్పుడు

డాబా మీద పరిచే ముందు ఏం చేయించాలి?

వాటర్‌ప్రూఫింగ్. అది అయ్యాకే మిగతావన్నీ. టర్ఫ్ పరిచాక స్లాబ్‌లో పగులు వస్తే కనపడదు, కింద సీలింగ్ మీద తేమ మరక వచ్చేదాకా తెలియదు. తర్వాత రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి, ఎక్కడా మడుగు కట్టకుండా గొట్టం దాకా వెళ్లాలి. వెళ్లకపోతే మేస్త్రిని పిలిచి ముందు వాలు సరిచేయించండి. గొట్టం మూతి మీద టర్ఫ్ కప్పొద్దు, చుట్టూ కోసి వదిలేయండి. డాబా అంతా అంటించేయకుండా అంచుల్లో మాత్రమే అంటిస్తే రేపు రిపేరుకి చుట్టి తీయొచ్చు.

మట్టి మీద నేరుగా పరిచేయొచ్చా?

వద్దు. మూడు నెలల్లో గుంటలు తేలతాయి, తుంగ పొడుచుకొస్తుంది, చెదలు, చీమలు కింద ఇల్లు కట్టుకుంటాయి. పైమట్టి తీసి, కంకర, రాతిపొడి పోసి, తడిపి, గట్టిగా దిమ్మిస కొట్టించి, పైన కలుపు రాకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి అప్పుడు వేయాలి. చాలామంది కాంట్రాక్టర్లు తగ్గించేది ఈ పనినే, ఎందుకంటే పైకి కనపడదు. ఈ పని జరిగే రోజు దగ్గరుండండి.

టైల్స్ మీద వేయొచ్చా?

వేయొచ్చు, వాలు ఉంటే చాలు.

రెండు రోల్స్ కలిసిన చోట గీత కనపడుతోంది. ఎందుకు?

రెండు కారణాలు. పోగులు వాలే దిక్కు రెండు రోల్స్‌లోనూ ఒకటే ఉండాలి, తిరగేసి వేస్తే రంగు వేరుగా కనిపిస్తుంది. రెండోది, అంచు కోయకుండా ఉన్నదున్నట్టు కలపడం. రోల్ అంచున రెండు మూడు కుట్ల వరసలు కోసేసి, కింద జాయింట్ టేపు, గమ్ వేసి కలపాలి. రోల్స్‌ని పరిచే ముందు కొన్ని గంటలు ఎండలో విప్పి ఉంచితే మడతలు సర్దుకుంటాయి.

అసలు గడ్డి ఏ నెలలో వేయాలి?

జూన్ చివర, జూలై. నాలుగు వానలు పడ్డాక. వాన మీదే సగం పని జరిగిపోతుంది. ముందు నేలని అడుగు లోతు తవ్వి, తుంగగడ్డలు ఏరి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలపండి. నీళ్లు పెట్టి రెండు వారాలు వదిలేస్తే మిగిలిన కలుపు మొలకెత్తుతుంది, దాన్నీ పీకి అప్పుడు పలకలు పరవండి. ఈ రెండు వారాల ఓపిక లేకపోతే తర్వాత రెండేళ్లు కలుపు పీకాల్సి వస్తుంది.

బాక్స్ క్రికెట్ గ్రౌండ్‌కి ఏ జాగ్రత్తలు?

నెట్లు, లైట్ల మీద పెట్టే శ్రద్ధలో సగం అయినా అడుగు పొర మీద పెట్టండి. నూటికి ఒక అడుగు చొప్పున వాలు, చుట్టూ నీళ్లు పోయే కాలవ, పోగుల మధ్య సమానంగా ఇసుక. బౌలర్ కాలు పడే చోట, బ్యాట్స్‌మన్ నిలబడే చోట ముందుగా అరిగిపోతుంది. ఆ ముక్కల్ని విడిగా మార్చేలా మొదటే వేయించుకోండి, అదే రోల్ నుంచి కొంత మిగిల్చి దాచుకోండి. బుకింగులు ఎటూ సాయంత్రం ఆరు తర్వాతే కాబట్టి ఇక్కడ ఎండ వేడి పెద్ద సమస్య కాదు.

## రోజూ వాడేటప్పుడు

మెయింటెనెన్స్ అసలు ఉండదన్నారు. నిజమేనా?

తక్కువ, అంతే. వారానికోసారి ఆకులు ఊడ్చాలి. గట్టి ప్లాస్టిక్ చీపురుతో పోగులు వాలిన దిక్కుకి ఎదురుగా ఊడిస్తే అవి మళ్లీ లేచి నిలబడతాయి. రోడ్డు పక్క ఇల్లయితే నెలకోసారి పైపుతో కడగాలి. వానాకాలంలో నీడపడే మూలల్లో నాచు పడుతుంది, పాకుడుకి జారిపడతారు, దాన్ని రుద్ది తీయాలి.

కుక్క ఉంది. వాసన వస్తుందా?

వస్తుంది, ముఖ్యంగా డాబా మీద. మట్టిలోని సూక్ష్మజీవులు చేసే పని అక్కడ చేసేవాళ్లు లేరు. మూత్రం పోసిన వెంటనే నీళ్లు కొట్టండి, వారానికోసారి వెనిగర్ కలిపిన నీళ్లతో కడగండి. ఎండలో కుక్క అరికాళ్లు కాలతాయి, దానికి నీడ మూల ఒకటి ఉంచండి. అసలు గడ్డి మీదైతే వాసన రాదు కానీ రోజూ ఒకే చోట పోస్తే అక్కడ గడ్డి మాడిపోయి గుండ్రటి మచ్చ పడుతుంది.

దీపావళికి డాబా మీద టపాసులు కాల్చుకోవచ్చా?

కృత్రిమ గడ్డి మీద వద్దే వద్దు. చిచ్చుబుడ్డి నిప్పురవ్వ పడితే పోగు కరిగి నల్లగా ముద్ద కడుతుంది, అది మళ్లీ బాగుపడదు. కాకరపువ్వొత్తి కాల్చి పడేసిన తీగ కూడా అంతే. ఆ రోజుకి టర్ఫ్ చుట్టి పక్కన పెట్టండి, లేకపోతే వీధిలోకి దిగి కాల్చుకోండి. బొగ్గుల కుంపటి, సాంబ్రాణి, దోమల కాయిల్ కూడా దాని మీద నేరుగా పెట్టకూడదు. ఎదురింటి అద్దాల నుంచి ఎండ తిరిగి వచ్చి పడే చోట కూడా పోగులు కరగొచ్చు.

పిల్లలు ఆడుతూ పడితే ఏది మేలు?

పడటం రెండింటి మీదా మట్టి నేల కన్నా నయమే. జారినప్పుడే తేడా. టర్ఫ్ మీద జారితే మోకాలు, మోచెయ్యి తోలు రాసుకుపోతుంది. ఆ పుండు పైపైనే ఉన్నా మంట ఎక్కువ, మురికి పడితే చీము పడుతుంది. వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి. బూటు పట్టేసి మడమ, మోకాలు మెలిపడటం కూడా టర్ఫ్ మీద ఎక్కువని ఆటగాళ్లు చెప్తారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం సహజ గడ్డే కావాలని బహిరంగంగా అడుగుతోంది.

మా అత్తగారు డాబా మీద వడియాలు పెడతారు, టర్ఫ్ వేస్తే ఎలా?

డాబా అంతా వేయకండి. వడియాలకి, అప్పడాలకి, ఆవకాయ ముక్కలు ఆరబెట్టడానికి, బట్టలకి ఎండపడే భాగం ఖాళీగా వదిలేయండి. టర్ఫ్ మీద గుడ్డ పరిచి పెట్టొచ్చు కదా అంటారు. కింద గట్టిగా లేక గుడ్డ కుంగుతుంది, ముక్కలకి దుమ్ము అంటుతుంది. ఇంట్లో డాబాని రోజూ వాడేది ఎవరో వాళ్లని అడిగాకే కొలతలు తీయించండి.

లాన్‌లో తుంగ వచ్చేసింది. ఏం చేయాలి?

పైన పీకితే ఆకు మాత్రమే వస్తుంది, కింద గడ్డ ఉండిపోయి మళ్లీ మొలుస్తుంది. వాన పడి నేల మెత్తబడినప్పుడు సన్నటి గునపంతో గడ్డతో సహా తీయండి. పూత రానివ్వకండి. ప్రతివారం కత్తిరిస్తూ, పలుచబడ్డ చోట గరిక కణుపులు నాటి దట్టం చేస్తే తుంగకి చోటు తగ్గుతుంది.

గడ్డి ఉంటే పాములు వస్తాయా?

మోకాలెత్తు పెరగనిస్తే ఎలకలు, కప్పలు చేరతాయి, వాటి కోసం పాములు వస్తాయి. రెండంగుళాలకి మించకుండా కత్తిరించే లాన్‌లో పాము దాక్కోలేదు. ఒకేసారి మూడో వంతుకి మించి కోయకండి, అంతకన్నా ఎక్కువ కోస్తే గడ్డి మాడినట్టవుతుంది.

## పాతబడ్డాక

కృత్రిమ గడ్డి ఎన్నేళ్లు వస్తుంది?

మంచి రకం, కాస్త నీడ, ఇంటి వాడకం అయితే ఎనిమిది పదేళ్లు. పగలంతా ఎండపడే డాబా మీద చౌకరకం మూడేళ్లకే వెలిసిపోయి, పోగులు పొడి పొడిగా విరుగుతాయి. చేత్తో నలిపితే ఆకుపచ్చ పొడి అంటుకుంటే మార్చే టైం వచ్చినట్టే. ఆ పొడి ప్లాస్టిక్. అది ఊడ్చే కొద్దీ రాలుతుంది, వానకి కాలవలోకి పోతుంది. ఇంకో ఏడాది లాగిద్దాం అనుకోకుండా తీసేయండి.

తీసేసిన టర్ఫ్ ఏం చేయాలి?

కాల్చొద్దు. ఆ పొగ పీల్చకూడనిది. పోగు ఒక ప్లాస్టిక్, వెనక పొర ఇంకోటి, మధ్యలో లేటెక్స్, ఇసుక. వీటిని విడదీయడం కష్టం కాబట్టి పాత సామాన్లవాళ్లు కూడా తీసుకోవడానికి వెనకాడతారు. అరగని ముక్కలు కోసుకుని కాళ్లు తుడుచుకునే పట్టాలుగా, కారు నిలిపే చోట, కుండీల కింద వాడుకోండి. బాక్స్ క్రికెట్ వాళ్లు మార్చేటప్పుడు అంచుల్లో అరగని రోల్స్ మిగులుతాయి, దగ్గర్లో నెట్ ప్రాక్టీస్ పెట్టుకునే కుర్రాళ్లకి ఇవ్వొచ్చు. మిగిలింది మున్సిపాలిటీ చెత్తకే వెళ్తుంది.

టర్ఫ్ తీసేసి అక్కడే మళ్లీ అసలు గడ్డి పెంచొచ్చా?

పెంచొచ్చు, ఒక సీజన్ ముందు నుంచి మొదలుపెట్టాలి. ఏళ్ల తరబడి గాలి, వెలుతురు, ఎరువు లేక కింద మట్టి గట్టిపడి, వానపాములు కూడా లేకుండా ఉంటుంది. కంకర, రాతిపొడి, గుడ్డ పూర్తిగా తీసేయండి. ఫిబ్రవరి, మార్చిలో అడుగు లోతు తవ్వి ఎండకి వదిలేయండి. మేలో మాగిన ఎరువు, చెరువుమట్టి కలపండి. తొలకరికి జనుమో పిల్లిపెసరో చల్లి, పూతకి రాగానే అక్కడే దున్నేస్తే నేల గుల్లబారుతుంది. ఆగస్టులో గరిక కణుపులు జానెడు దూరంలో నాటితే దసరా నాటికి పాకడం మొదలవుతుంది, సంక్రాంతికి నేల కప్పేస్తుంది.